సంచి కట్టిన తుపాకీ

మా పటాలంలో తూటా పోతే ఎవరూ ఏమీ అడగరు. తూటా పుట్టిందే పోవడానికి. ఎంప్టీ పోతే మాత్రం కొంప మునుగుతుంది. ఎంప్టీ అంటే తూటా పేలిపోయాక మిగిలే ఇత్తడి గొట్టం. చిటికెనవేలంత ఉంటుంది. దానివల్ల లోకానికి ఇక ఉపకారమూ లేదు, అపకారమూ లేదు. బహుశా అందుకే దాన్ని ప్రాణంతో సమానంగా చూసుకోవాలని రూలు పెట్టారు. ఎన్ని పేల్చామో అన్ని ఎంప్టీలూ ఏరి అప్పజెబితేగాని ఆ రోజు ఫైరింగు అయినట్టు కాదు.

ఈ రూలు మీద పుట్టే కాగితాలన్నీ రాసేది నేనే. కమాండెంటు గారి ఆఫీసులో రైటర్ని. పేరుకు కానిస్టేబులునే గానీ, పదకొండేళ్లలో తుపాకీ పట్టింది తక్కువ, కలం పట్టింది ఎక్కువ. పైవాళ్ల భాష నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో పాలు అయిపోయాయని మా ఆవిడ చెబితే "విషయము పరిశీలనలో ఉన్నది" అని చెప్పి చీవాట్లు తిన్నవాణ్ని.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో ఒక కంపెనీ ఫైరింగులో ఒక ఎంప్టీ తగ్గింది. మా ఫైరింగు రేంజి రాళ్లగుట్ట కింద, బుడ్డల చేల పక్కన ఉంటుంది. బుడ్డలంటే వేరుశనగ. ఎంప్టీ ఏ రాతి సందులో దూరిందో ఎవరికి తెలుసు. తొంభైమంది మూడు రోజులు మోకాళ్ల మీద పాకారు. అక్కడ మేసి వెళ్లిన గొర్రెల మందను వెనక్కి పిలిపించి, రెండు పూటలు కాపలా కాసి, వాటి వెనక ఏం రాలుతుందో కూడా పరీక్షించారు. మూడో రోజు సాయంత్రానికి ఎంప్టీ దొరికింది. ఒకటి కాదు, రెండు దొరికాయి. ఒకటి తగ్గితే నిర్లక్ష్యం, సంజాయిషీతో పోతుంది. ఒకటి పెరిగితే నేరం, ఎవడో చెప్పకుండా తూటా పేల్చాడన్నమాట. ఆ పెరిగినదాన్ని పెద్దలు నలుగురు కలిసి పొద్దు గూకేలోపు ఒక చోట పాతిపెట్టారు. ఎక్కడో నాకు తెలుసు, చెప్పను.

ఈ గండం మళ్లీ రాకూడదని మా కమాండెంటు పరాంకుశం గారు వారం రోజులు ఆలోచించారు. ఆయన మంచివాడే. ఒకరి దగ్గర చెయ్యి చాచే రకం కాదు, ఒకరిని తిట్టే రకమూ కాదు. ఆయనకున్న జబ్బల్లా ఆలోచన రావడం. పొద్దున్నే నడకకు వెళ్లినప్పుడు పక్క చేలో గుంటక తోలుతున్న ఎద్దులు కనబడ్డాయట. పంటను మేయకుండా రైతు వాటి మూతులకు చిక్కాలు కట్టాడు. ఆయన అక్కడే నిలబడిపోయారు. ఆఫీసుకు రాగానే నన్ను పిలిచి, కాగితం తీసుకోమన్నారు.

"పశువు మూతికి చిక్కము కట్టిన రైతు పంటను రక్షించుకొనుచున్నాడు, పశువు చేత పని చేయించుకొనుచున్నాడు. ఇదే సూత్రమును ఆయుధమునకు అన్వయించినచో ఎంప్టీ భూమి మీద పడు అవకాశమే ఉండదు. రాసుకో. ఎంప్టీ సంరక్షణ కవచము."

రాసుకున్నాను. కవచమంటే సంచి. తుపాకీకి కుడిపక్క ఎంప్టీ బయటికి దూకే కిటికీ ఉంటుంది. ఆ కిటికీకి ఒక ఖాకీ సంచి కడితే ఎంప్టీలన్నీ అందులోనే పడతాయి. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు కూడా బాగానే ఉందనిపించింది.

మా పటాలం దర్జీ ఖాజా హుస్సేన్‌ను అందరం ఖాజా మామ అంటాం. అతను ఒక్కరోజులో నమూనా కుట్టి తెచ్చాడు. దిండు గలీబులాగా వదులుగా, లోపల పది ఎంప్టీలు పొర్లాడేంత జాగాతో ఉంది. కమాండెంటు గారు దాన్ని ఒక తుపాకీకి కట్టించి, జవాను చేత అటూ ఇటూ నడిపించి చూశారు. మొహం ముడుచుకున్నారు.

"కవాతు చేయు రైఫిలు నిండు చూలాలివలె కనబడరాదు. బిగువు కావలెను."

"ఇంకా బిగిస్తే లోపల జాగా ఉండదు సార్," అన్నాడు ఖాజా మామ.

"జాగా దేనికి? అందులో ఉండబోవునవి ఖాళీ గొట్టములే కదా."

ఖాజా మామ నా వైపు చూశాడు. నేను నా కాగితాల వైపు చూశాను. పది రోజుల్లో ఆరువందల సంచులు తయారయ్యాయి. రెండు వరసల కుట్టు, పటాలం గుర్తు, తుపాకీ ఒంటికి అతుక్కుపోయే బిగువు. కవాతులో చూడముచ్చటగా ఉన్నాయి. ఫొటోలు తీసి పై ఆఫీసుకు పంపాం. "ఈ ప్రయత్నము ప్రశంసనీయము" అని ఒక వాక్యం తిరిగి వచ్చింది. ఆ వాక్యం వచ్చిన రోజు నుంచి అది మామూలు సంచి కాదు. పైవారు మెచ్చిన సంచి.

ఇక్కడ మద్దిలేటి గురించి చెప్పాలి. హెడ్ కానిస్టేబులు మద్దిలేటి మా ఆర్మోరర్, అంటే తుపాకుల వైద్యుడు. ఇరవై ఆరేళ్లుగా ఆయుధాగారంలోనే ఉన్నాడు. ఆరువందల తుపాకుల్లో ఏది పొద్దున్నే బిగుసుకుంటుందో, ఏది వానాకాలం అలుగుతుందో ఆయనకు నోటికి వచ్చు. ఆ ఏడాది ఏయస్సై ప్రమోషన్ల జాబితాలో ఆయన పేరు రెండోది. భుజం మీద నక్షత్రం ఒక్క నెల దూరంలో ఉంది. వాళ్లావిడ సుబ్బరత్నమ్మ క్వార్టర్స్‌లో ఇంటింటికీ చెప్పి వచ్చింది. జాబితాకు ఒకటే షరతు, మనిషి మీద మెమో ఉండకూడదు.

సంచులతో మొదటి ఫైరింగు ఒక సోమవారం జరిగింది. మా తుపాకీని ఎస్సెల్లార్ అంటారు, సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. దాని పని అది చూసుకుంటుంది. తూటా పేలినప్పుడు పుట్టిన గ్యాసే లోపలి బోల్టును వెనక్కి నెడుతుంది. బోల్టు వెనక్కి పోతూ ఎంప్టీని కిటికీలోంచి విసిరేస్తుంది, ముందుకొస్తూ కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. కన్ను ఆర్పేలోపు అంతా అయిపోతుంది. మా శాఖలో ఒకరు చెప్పకుండా తన పని తాను ముగించుకునే వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

పటాలంలో గురి బాగా ఉన్న కానిస్టేబులు సుంకన్న పడుకుని మొదటి తూటా పేల్చాడు. పేలింది. రెండోసారి ట్రిగ్గరు నొక్కాడు. టిక్కుమని కూడా అనలేదు. చూస్తే, బయటికి దూకిన ఎంప్టీ బిగుతు సంచికి కొట్టుకుని వెనక్కి వచ్చి, బోల్టు నోట్లో అడ్డంగా ఇరుక్కుంది. మద్దిలేటి కూర్చుని దాన్ని వేలితో తీసి, సంచి విప్పి, "కొట్టు సుంకన్నా," అన్నాడు. సుంకన్న పంతొమ్మిది తూటాలు ఆగకుండా కొట్టాడు. మళ్లీ సంచి కట్టారు. మళ్లీ ఒకటి పేలి ఆగింది. అక్కడున్న రెండువందల మందిమీ చూశాం.

"తుపాకీకి రోగం లేదు సార్," అన్నాడు మద్దిలేటి. "ఎంప్టీ బయటికి ఉరుకుతాండాది. ఎదురుగా గోడ మాదిరి సంచి ఉండాది. కొట్టుకోని మళ్లా లోపలికే వస్తాండాది. ఖాజా మామతో నాలుగు వేళ్లంత వదులు చేపిస్తే సరిపోతాది."

కమాండెంటు గారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తుంటే నాకు భయం వేస్తుంది.

"సంచి లేనప్పుడు రైఫిలు పనిచేయుచున్నది. సంచి ఉన్నప్పుడు పనిచేయుట లేదు. సంచి ఒకే విధముగా ఉన్నది. ప్రవర్తన మారుచున్నది రైఫిలుదే. కాబట్టి లోపము ఎవరిది?"

తర్కంలో ఎక్కడో చిల్లి ఉందని అందరికీ తెలుసు, ఎక్కడుందో చూపించే హోదా ఎవరికీ లేదు.

"అదీగాక, ఆర్మోరరు పరిధి ఆయుధము. సంచి వస్త్రము. వస్త్రమును గురించి అభిప్రాయము చెప్పుటకు ఆర్మోరరుకు అధికారము లేదు. అది క్లోతింగ్ స్టోరు వారి విషయము."

మద్దిలేటి పట్టు వదిలే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే నన్ను వెంటేసుకుని క్లోతింగ్ స్టోరుకు వెళ్లాడు. అక్కడ ఇన్‌ఛార్జి ముక్కు మీదికి కళ్లజోడు జార్చి రూల్సు పుస్తకం తిప్పాడు. బట్ట బిగుతైతే మార్చి ఇవ్వడానికి ఫారం ఉంది. కానీ దాన్ని తొడుక్కున్నవారే నింపాలి. పేరు, ఛాతీ కొలత, సంతకం.

"తొడుక్కున్నది తుపాకీ కదప్పా," అన్నాడు మద్దిలేటి.

"అయితే తుపాకీనే రమ్మను," అన్నాడు ఇన్‌ఛార్జి. అతను వేళాకోళం చేయలేదు. నిజంగానే అన్నాడు.

మూడో రోజు మద్దిలేటికి మెమో వచ్చింది. రాసింది నేనే. "తమ ఆధీనములోని ఆరువందల రైఫిళ్లను సంచితో సహా పనిచేయు స్థితిలో ఉంచుటలో విఫలమైనందున, ఏడు దినముల లోపల సంజాయిషీ ఇవ్వవలెను." మెమో చేతికిచ్చేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఆయన మాత్రం చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"వాక్యం బాగుండాది రైటరూ. నీదేనా?"

"నాదే అన్నా."

"ఊ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పటికే లోపం ఎక్కడుందో తేల్చడానికి కమిటీ వేశారు. రైఫిలు చలన వైఫల్య నిర్ధారణ కమిటీ. అసిస్టెంట్ కమాండెంటు జయరామరాజు గారు అధ్యక్షులు. పటాలం డాక్టరు గారు ఒక సభ్యులు. మూడో సభ్యుడిగా ఉండాల్సిన ఆఫీసరు సెలవులో ఉండటంతో బ్యాండు మాస్టరును వేశారు. ఆయనకు లోహపు గొట్టాలతో అనుభవం ఉందని ఫైల్లో కారణం రాశాం.

జయరామరాజు గారు ఇంజనీరింగు చదివినవారు. ఆయన గోడంత చార్టు గీయించారు. నలభై ఒక్క ప్రశ్నలు, వాటి మధ్య బాణాలు. మొదటి ప్రశ్న, "రైఫిలు ఉన్నదా? ఉన్నచో రెండవ ప్రశ్నకు పోవలెను." ఆ చార్టులో సంచి ఎక్కడా లేదు. ఎందుకు లేదని డాక్టరు గారు మెల్లగా అడిగారు. పైవారు ప్రశంసించిన అంశం మీద ప్రశ్న వేస్తే అది ప్రశంసను ప్రశ్నించినట్టు అవుతుందని అధ్యక్షులవారు చెప్పారు. డాక్టరు గారు టీ తాగారు.

మొదట మ్యాగజైను స్ప్రింగు అనుమానించారు. కొత్తది వేశారు, మార్పు లేదు. తర్వాత తూటాల పెట్టె మార్చారు, మార్పు లేదు. తర్వాత గ్యాసు తక్కువైందేమోనని రెగ్యులేటరు తిప్పి గ్యాసు పెంచారు. ఎంప్టీ ఇంకా జోరుగా సంచిని కొట్టి, ఇంకా జోరుగా వెనక్కి వచ్చి, ఈసారి బోల్టుకు గీత కూడా పెట్టింది. "వైఫల్యము యొక్క వేగము పెరిగినది. ఇది సరియైన దిశలో పురోగతి," అని అధ్యక్షులవారు చెప్పగా నేను రాశాను. మద్దిలేటి ఆ గీత మీద బొటనవేలు పెట్టి రాస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత అనుమానం సుంకన్న మీదికి పోయింది. భుజం గట్టిగా ఆనించకపోతే తుపాకీ మొరాయిస్తుందన్నది నిజమే. సుంకన్నను ఆస్పత్రికి పంపారు. డాక్టరు గారు పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చారు. "భుజములు రెండునూ ఉన్నవి. సమానముగా ఉన్నవి." బ్యాండు మాస్టరు తన వంతు పనిగా రెండు రోజులు రేంజిలో కళ్లు మూసుకుని కూర్చుని, పేలుడుకూ పేలుడుకూ మధ్య తాళం తప్పుతోందని నివేదిక ఇచ్చాడు. రెండో పేలుడు లేదు కాబట్టి తాళం తప్పక ఏమవుతుంది. అయినా చార్టులో ముప్పై ఆరో ప్రశ్న ఆ నివేదికతో పూర్తయింది.

సుంకన్నకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. తుపాకీని బోర్లా తిప్పి కొడితే ఎంప్టీ కిందికి జారుతుందేమోనని, ఒకరోజు ఎవరూ చెప్పకుండానే అలా కొట్టి చూశాడు. మూడు తూటాలు పేలాయి. కమిటీ లేచి నిలబడింది. కానీ తలకిందుల తుపాకీకి గురి చూసే ముల్లు కూడా కిందే ఉంటుంది. నాలుగో తూటా బుడ్డల చేను దాటి పోయింది. ఆ ఉపాయం అక్కడితో మానుకున్నారు.

కమిటీ తేల్చేలోపు ఫైరింగు ఆగకూడదు కదా. దానికి కమాండెంటు గారే దారి చూపించారు. తుపాకీకి ఒక్క మనిషి చాలకపోతే ముగ్గురిని వేద్దాం అన్నారు. ఒకటో నంబరు కాలుస్తాడు. రెండో నంబరు పక్కన మోకరిల్లి, తూటా పేలగానే హ్యాండిలు లాగి, ఇరుక్కున్న ఎంప్టీని వదిలిస్తాడు. మూడో నంబరు సంచిని దులిపి సర్దుతాడు. దీనికి డ్రిల్లు పుస్తకం నేనే రాశాను. "కాల్చు", "లాగు", "దులుపు" అని మూడు ఆదేశాలు. రెండు వారాల్లో కవాతు మైదానంలో రెండువందల తుపాకులు, ఆరువందల మంది జవాన్లు, "దులుపు" అనగానే మూడో నంబర్లంతా ఒక్కసారిగా చెయ్యి ఆడించడం చూసి నాకే ఒళ్లు పులకరించింది. నిమిషానికి ఇరవై తూటాలు కొట్టే తుపాకీ ఇప్పుడు రెండు కొడుతోంది. కానీ ఒక్క ఎంప్టీ పోలేదు. త్రైమాసిక నివేదికలో "ఎంప్టీ నష్టము: శూన్యము" అని రాశాం. అది అబద్ధం కాదు.

ఇన్ని జరుగుతున్నా మద్దిలేటి మెమో మాత్రం అలాగే ఉంది. ఏడు రోజులు ఇరవై ఒకటి అయ్యాయి. జాబితా వచ్చేవారం మూసేస్తారనగా కమాండెంటు గారు ఆయన్ను పిలిపించారు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను.

"నీ సర్వీసు మీద నాకు గౌరవమున్నది, మద్దిలేటి. నీకు నష్టము జరుగుట నా అభిమతము కాదు. ఈ కాగితము మీద సంతకము చేయుము. మెమో రద్దగును, నీ పేరు జాబితాలో ఉండును."

కాగితం టైపు చేసింది నేనే కాబట్టి అందులో ఏముందో నాకు తెలుసు. ఆరువందల రైఫిళ్లు తయారీలోనే లోపభూయిష్టమైనవనీ, ఇరవై ఆరేళ్ల అనుభవంతో ఆర్మోరరు ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాడనీ ఉంది. ఆ సంతకం పడితే తుపాకులన్నీ పనికిరానివిగా లెక్క. లారీల్లో ఎక్కించి తుక్కు కింద పంపేస్తారు. సంచులకు సరిపోయే తుపాకులు వచ్చేదాకా పటాలం లాఠీలతో ఉంటుంది. సంచులు మాత్రం ఉంటాయి.

మద్దిలేటి కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"సార్, ఇవి వచ్చిన రోజు పెట్టెలు పగలగొట్టింది నేనే. గ్రీజు తుడిచింది నేనే. ఇన్నేండ్లు వాటికి నూనె పెట్టిన చెయ్యి ఇది. ఈ చేత్తోనే అవి పనికిరావని రాయాల్నా?"

"ఇది వ్యక్తిగత విషయము కాదు. పరిపాలనా విషయము."

"అయితే పరిపాలనా వాళ్లే రాసుకోండి సార్. నా తుపాకుల్లో లోపం లేదు."

సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు. నేను వెనకాలే పరిగెత్తి వరండాలో పట్టుకున్నాను. "అన్నా, ఒక్క సంతకం. ఆలోచించు. వదిన ఊరంతా చెప్పుకున్నాది," అన్నాను. కంగారులో నాకూ మా ఊరి భాష వచ్చేసింది.

"మీ వదినకు నేను చెప్పుకుంటాలే. ఆమె నాలుగు రోజులు మాట్లాడదు, ఐదో రోజు అన్నం పెడతాది. తుపాకులు అట్ల కాదప్పా. తుక్కులో పోసినాక మళ్లా రావు." చెప్పి, ఆయుధాగారం వైపు నడిచాడు. నాకు ఆ నడక చూసి సిగ్గేసింది. ఆ కాగితంలో "లోపభూయిష్టమైన" అన్న మాట నేను సొంతంగా చేర్చింది. కమాండెంటు గారు "లోపమున్న" అనే చెప్పారు.

మెమో మీద విచారణ ఫలితం శనివారం వచ్చింది. "రైఫిళ్లలో ఏ లోపమూ లేదని ఆర్మోరరు స్వయముగా వాంగ్మూలమిచ్చియున్నాడు. రైఫిళ్లలో లోపము లేనియెడల లోపము ఆర్మోరరులోనే ఉండి తీరవలెను." నక్షత్రం పోయింది. అంతటితో వదల్లేదు. ఆయుధముల పట్ల మితిమీరిన మమకారము కలవాడగుటచే వాటి నుండి దూరముగా ఉంచవలెనని, ఆయన్ను క్లోతింగ్ స్టోరుకు ఇన్‌ఛార్జిగా బదిలీ చేశారు. ఆర్మోరరుగా హెడ్ కానిస్టేబులు రాజశేఖరాన్ని వేశారు. ఆయన అప్పటిదాకా కమాండెంటు గారి బంగళాలో తోట చూసేవాడు. మనిషి సౌమ్యుడు, గులాబీలు బాగా పెంచుతాడు.

ఆ ఉత్తర్వు టైపు చేసేటప్పుడు ఏడో లైను దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. క్లోతింగ్ స్టోరు ఇన్‌ఛార్జి విధులు. స్టోరులోని సమస్త వస్త్రముల కొలతలు సరిచూచుట, అవసరమైనచో దర్జీచే సరిచేయించుట. మా శాఖలో యూనిఫారాలు ఎవరి ఒంటికీ సరిపోవు కాబట్టి ఈ అధికారం ఇన్‌ఛార్జికి ఎప్పటినుంచో ఉంది. కమాండెంటు గారు ఆ లైనును చూసి సంతకం పెట్టారు. నేను నోరు మూసుకున్నాను. పదకొండేళ్ల నౌకరీలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదే.

మద్దిలేటికి ఆ లైను చదివి వినిపించాను. ఆయన ఆ లైను మీద వేలు పెట్టి మళ్లీ చదువుకున్నాడు. తర్వాత, "ఖాజా మామను ఒకసారి రమ్మను," అన్నాడు.

ఖాజా మామ పది రోజులు కుట్లు విప్పి మళ్లీ కుట్టాడు. ఆరువందల సంచులు, ఒక్కోటి నాలుగు వేళ్లంత వదులు. విప్పే పనిలో మద్దిలేటి కూడా కూర్చున్నాడు. తుపాకీ విడిభాగాలు పట్టుకున్న వేళ్లకు సూది అలవాటు లేక రెండుమూడు చోట్ల గుచ్చుకుంది. నెలాఖరు పరీక్షకని సంచులన్నీ స్టోరుకు రావడం, సర్దుకుని తిరిగి వెళ్లడం రూలు ప్రకారమే జరిగాయి. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

అదే వారంలో రాజశేఖరం కొత్త ఉద్యోగంలో ఏదో ఒకటి చేయాలని, తుపాకులన్నిటికీ మామూలు నూనె తుడిచేసి బుడ్డల నూనె పట్టించాడు. తోటలో కత్తెరలకు అదే వాడేవాడట. తర్వాతి సోమవారం ఫైరింగు. సుంకన్న పడుకుని, పక్కన ఇద్దరు సహాయకులు మోకరిల్లగా మొదటి తూటా పేల్చాడు. రెండోది పేలింది. మూడోది పేలింది. హ్యాండిలు లాగాల్సినవాడు చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక తల గోక్కున్నాడు. ఇరవై తూటాలూ పోయాయి, ఇరవై ఎంప్టీలూ సంచిలో గలగలలాడాయి.

కమిటీ ఆ రోజే సమావేశమై చార్టులో నలభై ఒకటో ప్రశ్నకు జవాబు రాసింది. నూనె. స్థానికముగా లభ్యమగు బుడ్డల నూనె యందు రైఫిలు చలనమునకు దోహదపడు గుణములు కలవని తేల్చి, అన్ని పటాలాలకూ పంపవలసిందిగా సిఫారసు చేసింది. రాజశేఖరానికి ప్రశంసాపత్రం వచ్చింది. మూసేసిన జాబితాను మళ్లీ తెరిచి, ఖాళీ అయిన రెండో స్థానంలో ఆయన పేరు ఎక్కించారు. నక్షత్రం పెట్టుకున్న రోజు ఆయన నా దగ్గరకు వచ్చి, "ఇది నాది కాదని నాకు తెలుస్తాండాది. ఎవరిదో తెల్యదు. నీకు తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. బుడ్డల నూనె రాయడం ఆపి మామూలు నూనె వాడమని మాత్రం చెప్పాను. మంచివాడు, విన్నాడు.

రెండు నెలల తర్వాత పైనుంచి తనిఖీకి పెద్దాయన వచ్చారు. ఫైరింగు చూసి మెచ్చుకున్నారు. వెళుతూ వెళుతూ కారు ఎక్కేముందు ఒక తుపాకీ వైపు చూసి, "సంచులు కాస్త వేలాడుతున్నట్టు లేవూ?" అన్నారు. అంతే అన్నారు. మర్నాడు మద్దిలేటికి మెమో.

ఈసారి నేనే తీసుకెళ్లాను. స్టోరులో కలరా ఉండల వాసన. గుట్టలుగా పేర్చిన స్వెట్టర్ల మధ్య ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. దూరంగా రేంజిలో ఫైరింగు జరుగుతోంది. ఆగకుండా వినబడుతోంది.

"చదువు," అన్నాడు.

చదివాను. "రైఫిళ్లు ఎట్టి లోపమూ లేక సంతృప్తికరముగా పనిచేయుచుండగా, వాటికి తగిలించిన సంచులు మాత్రము తమ అజాగ్రత్త వలన నాలుగు వ్రేళ్ల మేర వదులై, అందవిహీనముగా కనబడుచున్నవి. దీనికి బాధ్యులెవరో తెలుపవలెను."

"ముందర ముక్క ఇంకోసారి చదువు."

"రైఫిళ్లు ఎట్టి లోపమూ లేక సంతృప్తికరముగా పనిచేయుచుండగా."

"కమాండెంటు సారు సంతకం ఉండాదా కింద?"

"ఉందన్నా."

మెమో తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటి మెమోకు తప్పు ఒప్పుకోని మనిషి, నా పెన్ను అడిగి తీసుకుని, కింద ఒక్క వాక్యం రాశాడు. సంచులు వదులు చేసింది నేనొక్కణ్నే, ఇందులో దర్జీకి సంబంధం లేదు. సంతకం చేసి, తేదీ వేసి, హోదా అని ఉన్న చోట అలవాటు కొద్దీ ఆర్మోరరు అని రాసి నా చేతికిచ్చాడు.

ఆఫీసుకు వచ్చాక చూసుకున్నాను. హోదా తప్పు పడిన కాగితాన్ని వెనక్కి పంపి మళ్లీ రాయించడం నా డ్యూటీ. దాన్ని అలాగే ఫైల్లో పెట్టాను.